87, 47: ఎత్తున ఎగిరే సైనిక పైలట్ల శరీరాల గురించి

కిందటి సంక్రాంతికి నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. ఇంటర్మీడియట్‌లో నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకుని, ఆ తరువాత దుండిగల్‌లోని ఎయిర్ ఫోర్స్ అకాడమీలో శిక్షణ పూర్తి చేసి, ఇప్పుడు వాయుసేనలో యుద్ధవిమానం నడుపుతున్నాడు. ఉద్యోగం గురించి చెప్పకూడనివి అతడు చెప్పడు, నేనూ అడగను. అయితే ఈసారి బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో తాను కూర్చున్న ఆల్టిట్యూడ్ చాంబర్ గురించి మాత్రం తానై చెప్పుకొచ్చాడు. అదొక దిట్టమైన ఉక్కు గది. లోపలి గాలిని పంపులతో తోడేస్తూ, నేల మీదున్న మనిషిని ఆకాశంలో కొన్ని వేల అడుగుల ఎత్తున కూర్చోబెట్టినట్టు చేస్తారు. 25,000 అడుగులకు సమానమైన పీడనం వచ్చాక ఆక్సిజన్ మాస్కు తీయించి, చేతికి కాగితమూ పెన్సిలూ ఇచ్చి, 100 నుంచి ఏడేసి చొప్పున తగ్గిస్తూ రాయమన్నారట.

93, 86, 79, 72 వరకు అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. 65 రావలసిన చోట 66 ఉంది, దాని కింద మళ్ళీ 66 ఉంది, ఆ తరువాత ఉన్నవి అంకెలో గీతలో తెలియదు. మాస్కు తిరిగి తొడిగిన పది, పదిహేను సెకన్లకు కాగితం చూసుకుని అతడు నమ్మలేకపోయాడు. "మాస్టారూ, అన్నీ సరిగ్గానే రాశానని ఒట్టు వేసి చెప్పేవాణ్ణి. ఆయాసం లేదు, భయం లేదు, పైగా ఎందుకో నవ్వు వస్తోంది" అన్నాడు.

ముప్పై ఏళ్ళు బాయిల్ నియమం, డాల్టన్ నియమం, హెన్రీ నియమం నల్లబల్ల మీద రాసి లెక్కలు చేయించిన వాణ్ణి నేను. ఈ మూడు నియమాలూ కలిసి ఒక మనిషి ఒంటి మీద ఎలా పనిచేస్తాయో ఒక్కరోజు కూడా పాఠంలో చెప్పలేదు. అతడు వెళ్ళిపోయాక కొన్ని నెలల పాటు ఈ విషయమే చదువుతూ వచ్చాను. ఆ చదువులో నాకు అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్న సంగతి ఒకటే: దాహం తెలియడానికీ, ఆకలి తెలియడానికీ, వేడి చలి తెలియడానికీ ఏర్పాట్లున్న మన శరీరంలో, ఆక్సిజన్ తగ్గిందని మనసుకు చెప్పే ఏర్పాటు దాదాపుగా లేదు.

ముందు పీడనం లెక్క చూడాలి. ఎత్తుకు పోయేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. విమానాలు ఎగిరే ఎత్తులన్నిటిలోనూ ఆక్సిజన్ 21 శాతమే ఉంటుంది. తగ్గేది గాలి పీడనం. సముద్రమట్టం దగ్గర అది 760 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. 18,000 అడుగుల దగ్గర అందులో సగం, 34,000 అడుగుల దగ్గర నాలుగో వంతు మాత్రమే మిగులుతుంది. ఆక్సిజన్‌ను ఊపిరితిత్తుల పలుచని పొర గుండా నెత్తుటిలోకి నెట్టేది ఈ పీడనంలో దాని వాటాయే కనుక, పీడనం సగమైతే నెట్టే బలమూ సగమవుతుంది.

అయితే ఊపిరితిత్తుల లోపలి వాయుగోణుల్లో, అంటే సన్నని గాలి సంచుల్లో, లెక్క ఇంతకన్నా కఠినం. ఇల్లు ఎంత కుదించుకుపోయినా ఖాళీ చేయని అద్దెదారులు అక్కడ ఇద్దరున్నారు. ఒకటి నీటి ఆవిరి, రెండోది కార్బన్ డయాక్సైడ్. లోపలి తడి గోడల నుంచి వచ్చే నీటి ఆవిరి శరీర ఉష్ణోగ్రత దగ్గర ఎప్పుడూ 47 మిల్లీమీటర్లు ఆక్రమిస్తుంది, బయటి పీడనం ఎంతైనా దానికి పట్టదు. రక్తం తెచ్చి పారబోసే కార్బన్ డయాక్సైడ్ సుమారు 40 మిల్లీమీటర్లు తీసుకుంటుంది. రెండూ కలిపితే 87. సముద్రమట్టం దగ్గర 760లో 87 పోవడం పెద్ద నష్టం కాదు. ఇప్పుడు పైలట్‌కు మాస్కు తొడిగి పూర్తి ఆక్సిజన్ ఇస్తున్నామనుకుందాం. 34,000 అడుగుల దగ్గర మొత్తం పీడనం 188, అందులో 87 పోగా మిగిలిన 101 మొత్తమూ ఆక్సిజనే. నేల మీద మామూలు గాలి పీల్చే మనిషి వాయుగోణుల్లో ఉండేదీ దాదాపు అంతే. అంటే ఆ ఎత్తు వరకు మాస్కు ఒక్కటే మనిషిని నేల మీద ఉన్నట్టే ఉంచగలదు. 40,000 అడుగుల దగ్గర మొత్తం 141, మిగిలేది 54. ఆయాసంతో వేగంగా ఊపిరి తీసి రెండో అద్దెదారుణ్ణి కొంచెం పక్కకు జరపవచ్చు గాని, ఇక్కడికి హద్దు వచ్చినట్టే. ఇక 50,000 అడుగుల దగ్గర బయటి పీడనం సరిగ్గా 87కు దిగుతుంది. మాస్కులో నూటికి నూరు పాళ్ళు ఆక్సిజన్ వస్తున్నా వాయుగోణుల్లో దానికి చోటు ఉండదు. తరగతిలో ఈ ఒక్క తీసివేత చేయించి ఉంటే, మొత్తం పీడనం అందులోని వాయువుల వాటాల కూడికే అనే డాల్టన్ నియమం పిల్లలకు జన్మలో మరిచిపోయేది కాదు.

ఇప్పుడు శరీరానికి ఎందుకు తెలియదన్న ప్రశ్నకు వస్తాను. ఊపిరి బిగబట్టినప్పుడు గుండెల్లో పుట్టే ఆ తపన ఆక్సిజన్ లేనందువల్ల కాదు, కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయినందువల్ల. మన పూర్వీకులెవరూ ఊపిరి ఆడుతూ ఉండగానే ఆక్సిజన్ లేని గాలిలో చిక్కుకోలేదు కనుక, ఒకటి పేరుకుంటే రెండోది తగ్గినట్టే అన్న లెక్క ఒంటికి సరిపోయింది. ఎత్తున ఉన్న పైలట్ విషయంలో ఆ లెక్క తప్పుతుంది. అతడు ఊపిరి తీస్తూనే ఉంటాడు, కార్బన్ డయాక్సైడ్ సుఖంగా బయటికి పోతూనే ఉంటుంది, గుండెల్లో ఏ తపనా పుట్టదు. మెడలోని పెద్ద ధమనుల దగ్గర ఆక్సిజన్‌ను కనిపెట్టే చిన్న గ్రంథులు ఉన్న మాట నిజమే. అవి ఊపిరిని వేగం చేస్తాయి, కానీ ఆ వేగం వల్ల కార్బన్ డయాక్సైడ్ మరింత పోయి తల తేలికపడుతుంది తప్ప ప్రమాదం వచ్చిందన్న స్పృహ రాదు. ఈలోగా మెదడులో ముందుగా మందగించేది తప్పొప్పులు బేరీజు వేసే భాగమే. ఇల్లు దోచుకునే దొంగ ముందుగా కాపలావాడి నోరు నొక్కినట్టు ఉంటుందిది.

దీన్ని మొదట ప్రాణాలిచ్చి తెలుసుకున్నది సైనికులు కాదు. 1875 ఏప్రిల్ 15న జెనిత్ అనే బెలూన్‌లో పారిస్ నుంచి గాస్తోన్ తిస్సాందియే, క్రోసే-స్పినెల్లి, సివెల్ అనే ముగ్గురు పైకి లేచి సుమారు 8,600 మీటర్ల ఎత్తు చేరారు. వారి దగ్గర ఆక్సిజన్ నింపిన సంచులు ఉన్నాయి. ఆ సంచులు చాలవని శరీర శాస్త్రవేత్త పాల్ బేర్ రాసిన హెచ్చరిక ఉత్తరం వారికి సమయానికి అందలేదు. ఉన్న కాస్త ఆక్సిజన్‌ను అసలు అవసరం వచ్చినప్పుడు వాడుకుందామని దాచుకున్నారు. ఆ అవసరం వచ్చినప్పుడు గొట్టం అందుకోవడానికి చేయి లేవలేదని, 8,000 మీటర్లు చేరామని అరుద్దామంటే నాలుక తిరగలేదని, అయినా బాధ లేదు సరికదా లోపల ఒక రకమైన ఆనందం పొంగిందని తిస్సాందియే తరువాత రాశాడు. కిందికి వచ్చింది అతడొక్కడే ప్రాణాలతో. మిగిలిన ఇద్దరూ తొట్టిలోనే చనిపోయి ఉన్నారు. అతడికీ చెవులు వినబడకుండా పోయాయి. నూటయాభై ఏళ్ళ తరువాత నా శిష్యుడికి ఉక్కు గదిలో వచ్చిన నవ్వు, తిస్సాందియేకు పొంగిన ఆనందం ఒకటే.

సైనిక విమానయాన వైద్యంలో ఒక పట్టిక ఉంటుంది. ఆక్సిజన్ అందడం ఆగిపోయాక తనను తాను కాపాడుకునే పని చేయగలిగే తెలివి ఎంతసేపు ఉంటుందో అది చెబుతుంది. స్పృహ తప్పడానికి పట్టే సమయం కాదది, తెలివి పనికిరాకుండా పోవడానికి పట్టే సమయం. 25,000 అడుగుల దగ్గర మూడు నుంచి ఐదు నిమిషాలు, 30,000 దగ్గర ఒకటి రెండు నిమిషాలు, 35,000 దగ్గర అర నిమిషం నుంచి నిమిషం, 40,000 దగ్గర పదిహేను, ఇరవై సెకన్లు. కాక్‌పిట్ గాజు పగిలి పీడనం ఒక్కసారిగా పడిపోతే ఈ సమయాలు ఇంచుమించు సగానికి దిగుతాయి, ఎందుకంటే అప్పుడు ఊపిరితిత్తులు రక్తానికి ఆక్సిజన్ ఇవ్వడం మాని, రక్తంలో ఉన్నదాన్నే వెనక్కి లాగి బయటికి పారబోస్తాయి. చాంబర్ శిక్షణ ఉద్దేశం ఓర్పు పెంచడం కాదు. ఓర్పు పెరగదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు ముందుగా కనిపిస్తుంది: ఒకరికి పెదవులు తిమ్మిరెక్కుతాయి, ఒకరికి చూపు అంచుల నుంచి మూసుకొస్తుంది, ఒకరికి ఒళ్ళు వెచ్చబడుతుంది, ఒకరికి ఊరికే కోపం వస్తుంది. తన గుర్తు ఏదో ఆ గదిలో తెలుసుకుని, ఆకాశంలో అది కనిపించిన క్షణంలోనే తెలివి ఉండగా మాస్కు సంగతి చూసుకోవాలి. నా శిష్యుడికి ఎడమ చేతి చిటికెన వేలు జివ్వుమంటుందట. మాస్కు తిరిగి పెట్టుకున్నాక గదిలోని రంగులు ఎవరో దుమ్ము తుడిచినట్టు ఒక్కసారిగా మెరిశాయని కూడా చెప్పాడు. ఆక్సిజన్ కొరతను అందరికన్నా ముందు అనుభవించేది కంటి వెనుక పొర. రాత్రి చూపు 5,000 అడుగుల నుంచే మెల్లగా తగ్గడం మొదలవుతుంది.

40,000 అడుగులు దాటాక మాస్కులోకి ఆక్సిజన్‌ను ఒత్తిడితో నెట్టాలి. వినడానికి సులభంగా ఉంటుంది గాని, ఇది పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటును తలకిందులు చేస్తుంది. మామూలుగా మనం గాలిని ప్రయత్నించి పీలుస్తాం, వదలడం దానంతట అదే జరుగుతుంది. ఒత్తిడి శ్వాసలో గాలి దానంతట అదే లోపలికి దూసుకువస్తుంది, వదలడానికి మాత్రం బలం పెట్టాలి. ఎదురుగాలికి నోరు తెరిచి మాట్లాడబోయినట్టు ఉంటుంది. ఉబ్బిన ఊపిరితిత్తులు గుండెకు చేరే రక్తాన్ని అడ్డుకుంటాయి కనుక, ఎక్కువ ఒత్తిడి ఇవ్వాలంటే ఛాతీని బయటి నుంచి బిగించే చొక్కా కూడా కావాలి. ఇదంతా కొద్ది నిమిషాల్లో కిందికి దిగిపోవడానికే గాని అక్కడ కాపురం చేయడానికి కాదు.

ప్రయాణికుల విమానంలో ఇంత బాధ లేదు కదా అనిపిస్తుంది. నిజమే. మనం హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళేటప్పుడు విమానం 35,000 అడుగుల మీద ఉన్నా లోపలి పీడనాన్ని 8,000 అడుగుల ఎత్తుకు మించి తగ్గనివ్వరు. యుద్ధవిమానంలో అలా చేయకపోవడానికి ఒక కారణం బరువు, రెండో కారణం తూటా. లోపల పీడనం ఎంత ఎక్కువగా ఉంటే, కాక్‌పిట్‌కు చిల్లు పడినప్పుడు అంత భయంకరంగా గాలి బయటికి తన్నుకుపోతుంది. అందుకని చాలా యుద్ధవిమానాల్లో బయటికీ లోపలికీ తేడాను చదరపు అంగుళానికి ఐదు పౌండ్ల దగ్గర ఆపుతారు. ఆ లెక్కన విమానం 50,000 అడుగుల మీద ఉంటే పైలట్ కూర్చున్న చోటు ఇంచుమించు 20,000 అడుగుల ఎత్తుకు సమానం. అంటే ఏ ప్రమాదమూ జరగని రోజున కూడా అతడు మంచుకొండ శిఖరం మీద కూర్చుని పనిచేస్తున్నట్టే.

పీడనం తగ్గితే వాయువు ఉబ్బుతుందనే బాయిల్ నియమం చేసే చిల్లర అల్లర్లు కొన్ని ఉన్నాయి. ఒంట్లో చిక్కుకున్న గాలి 25,000 అడుగుల దగ్గర సుమారు మూడింతలకు ఉబ్బుతుంది. సరిగా నింపని పంటి కింద మిగిలిన చిన్న గాలిబుడగ పైలట్‌ను ఏడిపించగలదు. జలుబు చేసినప్పుడు గొంతుకూ చెవికీ మధ్యనున్న సన్నని గొట్టం మూసుకుపోయి, కిందికి దిగేటప్పుడు కర్ణభేరి లోపలికి లాగుకుపోతుంది. అందుకే జలుబుతో విమానం ఎక్కనివ్వరు. పేగుల్లోని వాయువు సంగతి వేరే చెప్పాలా? ముందురోజు రాత్రి ముల్లంగి సాంబారు, క్యాబేజీ కూర, శనగలు వద్దని వారికి చెప్పేది ఆచారం కోసం కాదు. చలి గురించి కూడా ఒక్క మాట. 36,000 అడుగుల పైన బయటి ఉష్ణోగ్రత సున్నాకు 56 డిగ్రీలు దిగువన ఉంటుంది. 1943 జూన్‌లో అమెరికా సైనిక వైద్యుడు రాండాల్ఫ్ లవ్‌లేస్ ఆక్సిజన్ పరికరం పరీక్షించడానికి 40,200 అడుగుల నుంచి స్వయంగా పారాషూట్‌తో దూకినప్పుడు, గొడుగు తెరుచుకున్న కుదుపుకు స్పృహ పోయి, ఒక చేతి తొడుగు ఊడిపోయి, ఆ చేయి గడ్డకట్టి దెబ్బతింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది హెన్రీ నియమం. ద్రవంలో ఎంత వాయువు కరిగి ఉంటుందన్నది పైనున్న పీడనాన్ని బట్టి ఉంటుంది. గోలీసోడా గోలీ నొక్కగానే బుసబుస పొంగేది ఇందుకే. మన ఒంట్లో, ముఖ్యంగా కొవ్వులో, సుమారు ఒక లీటరు నత్రజని ఎప్పుడూ కరిగి ఉంటుంది. దానితో మనకు పనిలేదు, అదీ మన జోలికి రాదు. పీడనం సగానికి దిగే 18,000 అడుగుల పైన అది బుడగలు కట్టడం మొదలుపెట్టవచ్చు. మోకాళ్ళలో, భుజాల్లో బుడగలు చేరితే లోలోపల తొలిచే నొప్పి వస్తుంది, దాన్ని పైలట్లు బెండ్స్ అంటారు. చర్మం కింద చేరితే చీమలు పాకినట్టు ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే ఛాతీ మంట, పొడిదగ్గు. మెదడులో అయితే మాట తడబడటం, దారి తెలియకపోవడం. సముద్రంలో లోతుకు దిగి పైకి వచ్చే వారికి వచ్చే జబ్బూ ఇదే. విశాఖపట్నం రుషికొండ దగ్గర సరదాగా స్కూబా డైవింగ్ చేసి అదే సాయంత్రం విమానం ఎక్కేద్దామనుకునే వారు కనీసం మరునాటి దాకా ఆగాలని చెప్పేది కూడా ఈ బుడగల భయంతోనే.

దీనికి విరుగుడు ఉంది. పైకి వెళ్ళక ముందే నత్రజనిని కడిగేయడం. అమెరికా గూఢచారి విమానం యూ-2 పైలట్లు బయలుదేరే ముందు గంటసేపు వట్టి ఆక్సిజన్ పీలుస్తారు. కొవ్వులో దాగిన నత్రజని మెల్లగా రక్తంలోకి, రక్తం నుంచి ఊపిరిలోకి వచ్చి పోతుంది. ఆ గంట మధ్యలో ఒక్కసారి బయటి గాలి పీల్చినా పడ్డ శ్రమలో చాలా భాగం వృథా. 1955 ఆగస్టులో మొదట ఎగిరిన ఈ విమానం ఇప్పటికీ 70,000 అడుగుల పైన తిరుగుతుంది. ఒంటి మీద వ్యోమగామి దుస్తుల వంటి ప్రెజర్ సూటు, టూత్‌పేస్టు గొట్టాల వంటి వాటిలో నింపిన మెత్తని తిండిని శిరస్త్రాణంలోని రంధ్రం గుండా పీల్చుకోవడం, తొమ్మిది పది గంటలు కదలకుండా కూర్చోవడం. అయితే దాని కాక్‌పిట్ లోపలి పీడనం దశాబ్దాల పాటు సుమారు 29,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉండేది. దాదాపు ఎవరెస్టు కొన మీద పని దినమంతా కూర్చున్నట్టు. మాస్కులో ఆక్సిజన్ ఉంది కనుక హైపాక్సియా, అంటే ఆక్సిజన్ కొరత, లేదు. కానీ పీడనం లేదు కనుక బుడగలున్నాయి.

ఏళ్ళ తరబడి పైలట్లు మోకాళ్ళ నొప్పుల గురించి నోరు విప్పలేదు. చెబితే వైద్యుడు ఎగరనివ్వడని భయం. ప్రపంచంలోని ఏ వాయుసేనలోనైనా ఇది ఉండే సంగతే, దీన్ని నేను తప్పుపట్టలేను. 2001 తరువాత అఫ్గానిస్తాన్, ఇరాక్ యుద్ధాల వల్ల ప్రయాణాలు పొడుగయ్యాయి, ఒకదాని వెంట ఒకటి దగ్గరపడ్డాయి. మెదడుకు సంబంధించిన లక్షణాలు కనిపించడం పెరిగింది. అప్పుడు వారి వైద్యులు ఎమ్మారై స్కానుల వైపు తిరిగారు. 2013లో న్యూరాలజీ అనే వైద్యపత్రికలో స్టీఫెన్ మెక్‌గైర్, ఆయన సహచరులు 102 మంది యూ-2 పైలట్ల మెదళ్ళను, అదే వయసుల వారైన 91 మంది ఇతరుల మెదళ్ళతో పోల్చి ఫలితాలు ప్రకటించారు. మెదడులోని శ్వేత పదార్థంలో కనిపించే చిన్న చిన్న మచ్చలు పైలట్లలో సంఖ్యలో సుమారు మూడింతలు, పరిమాణంలో దాదాపు నాలుగింతలు ఉన్నాయి. మామూలుగా వయసు మీద పడ్డ వారిలో ఇలాంటి మచ్చలు మెదడు ముందు భాగంలో ఎక్కువగా కనిపిస్తే, వీరిలో మెదడంతా సమానంగా చల్లినట్టు ఉన్నాయి. ఇక్కడ చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్న సంగతి మరొకటి: ఎన్నడూ నొప్పి గాని మరే లక్షణం గాని ఎరగని పైలట్లలోనూ మచ్చలు అంతే ఉన్నాయి.

వీరే ఆ తరువాత చేసిన పరిశీలనలో, చాంబర్లలో శిక్షణ పొందే వారికి తోడుగా లోపల కూర్చునే సిబ్బందిలోనూ ఈ మచ్చలు మామూలు కన్నా ఎక్కువగా కనిపించాయి. వారు ఆకాశానికి ఎగరరు. మాస్కు తీయరు. మళ్ళీ మళ్ళీ తక్కువ పీడనంలో కూర్చోవడం ఒక్కటే వారు చేసే పని. కనుక దోషం ఆక్సిజన్ కొరతది కాదు, పీడనం కొరతదేనన్న వాదానికి ఇది బలం చేకూర్చింది. రక్తంలోని సూక్ష్మమైన బుడగలు నాళాల గోడలను రాపాడి చేటు చేస్తున్నాయన్నది ఇప్పటి అంచనా. జ్ఞాపకశక్తి, లెక్కల వేగం పరీక్షల్లో కూడా యూ-2 పైలట్ల సగటు మార్కులు పోల్చి చూసిన ఇతర పైలట్ల కన్నా కొద్దిగా తక్కువ వచ్చాయి, అయితే మామూలు జీవితానికి అడ్డుపడేంత తేడా కాదు. ఆ దేశపు వాయుసేన విమానాల కాక్‌పిట్లను బలపరచి, లోపలి ఎత్తును 29,000 నుంచి సుమారు 15,000 అడుగులకు దించింది. బుడగలు కట్టే హద్దు కన్నా కిందికి వచ్చారన్న మాట. మొదటి విమానం ఎగిరిన నాటికీ ఈ మార్పుకూ మధ్య యాభై ఏళ్ళకు పైగా గడిచాయి.

87 తరువాత వచ్చే అంకె 47. సుమారు 63,000 అడుగుల దగ్గర బయటి పీడనం 47 మిల్లీమీటర్లకు దిగుతుంది. అంటే 37 డిగ్రీల దగ్గరే నీరు మరుగుతుంది. ఈ హద్దును గుర్తించిన అమెరికా సైనిక వైద్యుడి పేరుతో దీన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ రేఖ అంటారు, చంద్రుడి మీద నడిచిన ఆయనకూ ఈయనకూ సంబంధం లేదు. నాళాల్లోని రక్తానికి గోడల బిగువు ఉంటుంది కనుక సినిమాల్లో చూపినట్టు అది వెంటనే సలసల కాగదు. తెరపి ఉన్న చోట్ల, అంటే నాలుక మీద, కంటి తడిలో, చర్మం కింద, ఆవిరి పుడుతుంది, ఒళ్ళు ఉబ్బుతుంది. 1960 ఆగస్టు 16న అమెరికా వాయుసేన కెప్టెన్ జోసెఫ్ కిట్టింగర్ బెలూన్‌లో 1,02,800 అడుగులు ఎక్కి దూకాడు. ఎక్కే దారిలోనే కుడిచేతి తొడుగులోకి పీడనం రాలేదని గమనించాడు. చెబితే దింపేస్తారని చాలాసేపు చెప్పలేదు. చేయి మామూలు కన్నా రెండింతలు ఉబ్బి పనికిరాకుండా పోయింది, నేలకు దిగిన కొన్ని గంటలకు మళ్ళీ మామూలైంది. మన దేశంలో ఆ ఎత్తుల రుచి తెలిసినవారు బరేలీలోని 102వ స్క్వాడ్రన్ వారు. 1981 నుంచి 2006 వరకు మిగ్-25 విమానాల్లో వారు 65,000 అడుగుల పైన ఫొటోలు తీస్తూ తిరిగారు. యుద్ధవిమానం ఎక్కుతున్నా వారి వేషం రాకెట్ ఎక్కే వారిలా ఉండేది.

నత్రజని మీద కోపం పెంచుకున్న నాకు అమెరికా యుద్ధవిమానం ఎఫ్-22 కథ చదివాక కొంచెం సిగ్గు వేసింది. 2008 తరువాత ఆ విమానం నడిపే వారిలో కొందరికి గాలిలో తల తిరగడం, మతి చెదరడం మొదలైంది. 2011లో సుమారు నాలుగు నెలలు ఆ విమానాలన్నిటినీ నేల మీదే ఉంచేశారు. ఆక్సిజన్‌లో విషం కలుస్తోందేమోనని ఎంతో వెతికారు. చివరికి 2012లో ప్రధానంగా దొరికిన దోషి, ఒత్తిడి శ్వాసకు సాయంగా ఛాతీని బిగించే చొక్కా. దాని కవాటం అవసరం లేనప్పుడు కూడా గాలి నింపి ఛాతీని పట్టేస్తోంది. ఊపిరి ఆడటానికి ఇచ్చిన పరికరమే ఊపిరిని అడ్డుకుంది. దీనితో పాటు ఆ పైలట్లలో చాలామందిని పట్టుకున్న పొడిదగ్గుకు కారణం వేరు. ఊపిరితిత్తుల్లోని నత్రజని రక్తంలోకి సులభంగా పోదు కనుక, వాయుగోణులు మూసుకుపోకుండా లోపల నిలబడి ఉంటుంది. బాగా గాఢమైన ఆక్సిజన్ పీలుస్తూ, విమానం గట్టి మలుపు తిప్పినప్పుడు ఊపిరితిత్తుల అడుగు భాగం బరువుకు నలిగి దారులు మూసుకుంటే, లోపల చిక్కిన ఆక్సిజన్ మొత్తం రక్తంలోకి పోయి ఆ గోణులు గాలి తీసిన సంచుల్లా అతుక్కుపోతాయి. దిగాక దగ్గుతో అవి మళ్ళీ విచ్చుకుంటాయి. పనిలేని వాయువు అనుకున్నది ఇక్కడ ఇంటికి నిట్రాట.

సియాచిన్‌లో చీతా హెలికాప్టర్లు నడిపే మన వారి పరిస్థితి వీటన్నిటికీ భిన్నం. హెలికాప్టర్‌లో పీడనం పెట్టిన కాక్‌పిట్ ఉండదు. 10,600 అడుగుల లేహ్ నుంచో, దాదాపు 12,000 అడుగుల బేస్ క్యాంపు నుంచో లేచి, 20,000 అడుగులకు దగ్గరగా ఉండే శిబిరాల మీద మంచులో చదును చేసిన చిన్న స్థలంలో దిగుతారు. ఇంజను ఆపరు, ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం ఉండదు. గాలి పలుచన కావడం వల్ల రెక్కకూ బలం తక్కువ, ఇంజనుకూ ఊపిరి తక్కువ, మనిషికీ ఊపిరి తక్కువ. యంత్రమూ మనిషీ ఒకే కొరతతో ఒకే సమయంలో తంటాలు పడే చోటు అది. వారికి కొన్ని రోజులు ఎత్తున ఉండి ఒళ్ళు అలవాటు చేసుకునే వీలుంది, యుద్ధవిమానం పైలట్‌కు అది లేదు. నిమిషాల్లో నేల నుంచి పైకి పోయేవాడికి అలవాటు పడే వ్యవధి ఏది?

మన తేజస్ విమానం కోసం బెంగళూరులోని రక్షణ పరిశోధనశాల డెబెల్ తయారుచేసిన ప్రాణరక్షణ వ్యవస్థను 2025 మార్చి 4న 50,000 అడుగుల వరకు పరీక్షించారు. పాత పద్ధతిలో ద్రవ ఆక్సిజన్ నింపిన సీసాలు మోసుకెళ్ళాలి. ఇందులో ఇంజను నుంచి తీసుకున్న గాలిని జల్లెడ వంటి ఖనిజపు పొరల గుండా పంపి, నత్రజనిని పట్టి ఉంచి, ఆక్సిజన్‌ను పైలట్‌కు అప్పటికప్పుడు ఇస్తారు. అది ఆగిపోతే వెనుక ఇంకొక చిన్న సిలిండరు ఉంటుంది. 50,000 అంటే మన 87 అంకె దగ్గరే.

నా శిష్యుణ్ణి చివరగా అడిగాను, హెచ్చరిక దీపం వెలిగితే మొదట ఏం చేస్తావని. ఏదో చెబుతాడనుకుంటే, మొదట చేయకూడనిది చెప్పాడు. ఒంట్లో ఎలా ఉందో గమనించుకుంటూ కూర్చోకూడదట, బాగానే ఉన్నానన్న జవాబే వస్తుంది కనుక. మాస్కు బిగించి, ఆక్సిజన్ మీటను నూరు శాతానికి తిప్పి, ఊపిరిని నింపాదిగా తీస్తూ విమానాన్ని 10,000 అడుగుల కిందికి దించడం, రేడియోలో ఎవరికైనా చెప్పడం, ఆ తరువాతే చిటికెన వేలి సంగతి. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాడట. రెండు 66లూ ఒకదాని కింద ఒకటి ఉన్న ఆ కాగితాన్ని ఈసారి వచ్చినప్పుడు తెస్తానన్నాడు.